రెప్ప కొట్టని బాలనర్సయ్య

ఆ రోజు పొద్దున బాలనర్సయ్య వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. ముందు పింఛన్ల ఆఫీసుకు వెళ్ళి తాను బతికే ఉన్నానని చూపించుకోవాలి. ఆ తర్వాత జూబ్లీహిల్స్‌లో షూటింగుకు వెళ్ళి చచ్చిపోవాలి. సాయంత్రానికి ఇంటికొచ్చి పప్పుచారు తినాలి. ఈ మూడింట్లో మొదటిదే అన్నిటికన్నా సులువని అతను అనుకోవడంలోనే ఉంది పొరపాటు.

కృష్ణానగర్‌లో బాలనర్సయ్య అంటే ఎవరికీ తెలియదు. శవం నర్సయ్య అంటే మాత్రం ఆటోవాళ్ళు ఇంటి గుమ్మం దాకా తెచ్చి దింపుతారు. వయసులో ఉన్నప్పుడు సినిమా సెట్లకు సున్నాలూ రంగులూ వేసేవాడు. ఒకనాడు శవం వేషం వేయాల్సిన మనిషి రాకపోతే, ఇతన్ని నిచ్చెన మీంచి దింపి పాడె మీద పడుకోబెట్టారు. ముక్కు మీద ఈగ వాలినా కదల్లేదు. ఇక అప్పటి నుంచి అదే వృత్తి. కళ్ళు తెరుచుకుని చచ్చిపోయే శవాల విషయంలోనైతే పరిశ్రమలో అతనికి సాటి లేరు. కెమెరా ఎదురుగా కనిపిస్తే చాలు, ఒళ్ళు దానంతటదే బిగుసుకుపోతుంది. ‘కట్’ అనే మాట వినపడితేనో, కెమెరా పక్కకు తప్పుకుంటేనో గాని మళ్ళీ మనిషిలో పడడు.

ఎంత పేరున్నా శవాలు రోజూ దొరకవు కదా. ఇంటి కిరాయి, భార్య బుచ్చమ్మ మోకాళ్ళ మందులు ఆ పింఛను మీదే నడుస్తున్నాయి. సున్నంలో నాని నాని వేలిముద్రలు అరిగిపోవడంతో మిషను అతని వేలిని గుర్తుపట్టడం మానేసింది. రెండు నెలలుగా పింఛను ఆగిపోయింది. ఇప్పుడు ముఖం చూపిస్తే చాలన్నారు. దానికి ఆ రోజే ఆఖరు.

“ఆధార్ కార్డు పెట్టుకున్నవా?” అని గుమ్మంలోనే అడిగింది బుచ్చమ్మ.

“పెట్టుకున్న.”

“సినిమాలల్ల చేస్తనని మాత్రం ఆడ నోరు జారకు. జూబ్లీహిల్స్‌ల బంగ్లా ఉన్నదనుకుంటరు. పింఛన్ కట్ చేస్తరు.”

ఈ ముక్క ఆమెకు పక్కింటావిడ చెప్పింది. పక్కింటావిడకు ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు.

ఆఫీసులో కరుణాకుమారి అనే మేడమ్ కూర్చుని ఉంది. గుంటూరు వైపు మనిషి, తెల్ల చీర, మెత్తటి మనసు. బుచ్చమ్మను వెంటబెట్టుకుని వచ్చిన నర్సయ్యను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఫోన్ పైకెత్తింది.

“ఇటు చూసి రెప్పలు ఆర్పండి పెద్దాయనా. ఎదురుగా ఉన్నది మనిషా, ఫోటోనా అని చూసుకుంటుంది. అంతేనండీ.”

ఫోన్ పైకి లేచింది. కెమెరా కన్ను కనపడింది. నర్సయ్య వెన్ను నిటారుగా అయింది, ఊపిరి ఆగింది, చూపు శూన్యంలో నిలిచిపోయింది.

“ఆర్పండి... ఆర్పండి బాబూ!”

“ఏందయ్యా గట్ల సూస్తవ్? రెప్ప కొట్టు!” అని భుజం మీద పొడిచింది బుచ్చమ్మ.

“కొడుతున్న గదనే,” అన్నాడతను పెదవి కదపకుండా.

ఎదురుగా బతికున్న మనిషి ఎవరూ కనిపించడం లేదని తేల్చేసింది ఫోను. మేడమ్ ఉసూరుమని ఫోన్ దించగానే నర్సయ్య రెప్పలు టపటపా కొట్టుకున్నాయి. ఎత్తగానే మళ్ళీ రాయి. మూడోసారికి ఫోను విసిగిపోయి, ఇక మధ్యాహ్నం దాకా ఈ ముఖాన్ని చూడనని మొరాయించింది.

“మధ్యాహ్నం రండి. సాయంత్రంలోగా కాకపోతే జాబితాలోంచి పేరు దానంతటదే పోతుంది. నా చేతుల్లో ఏమీ లేదండీ,” అంది మేడమ్ పాపం దిగులుగా.

“మధ్యాహ్నం పని ఉన్నది మేడమ్.”

“ఈ వయసులో ఏం పనండీ?”

నర్సయ్య భార్య వైపు చూశాడు. “జర... పండుకునేటి పని,” అన్నాడు.

మేడమ్‌కు గుండె చెరువైంది. పెద్దాయనకు ఒంట్లో బాగోలేదని, చెప్పుకోవడానికి మొహమాటపడుతున్నాడని ఆమె తనకు తానే అర్థం చేసుకుంది. “రాలేకపోతే నాకు ఫోన్ చేయండమ్మా. మంచం దిగలేని వాళ్ళ దగ్గరికి నేనే వస్తాను,” అని బుచ్చమ్మకు నంబరిచ్చింది.

జూబ్లీహిల్స్ బంగ్లాలో నర్సయ్యకు ఆ రోజు పడిన వేషం చిన్నదేం కాదు. ప్రజానాయకుడి శవం. గేటు దగ్గర అతని ముఖంతో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. డైరెక్టర్ సూర్యప్రకాశరావుకు అంతా సహజంగా ఉండాలన్న పట్టుదల ఎక్కువ. అందుకే కెమెరాలను టీవీ ఛానళ్ళ వాళ్ళలా జనంలోనే తిప్పుతున్నాడు. ‘కట్’ చెప్పేదాకా మిన్ను విరిగి మీద పడ్డా ఎవరూ ఆగకూడదని అందరికీ గట్టిగా చెప్పాడు. ఏడ్చే ఆడవాళ్ళలో ఇద్దరు తగ్గితే, అసిస్టెంట్ డైరెక్టర్ రవిచంద్ర అన్నం డబ్బా పట్టుకుని నిలబడ్డ బుచ్చమ్మను శవం కాళ్ళ దగ్గర కూర్చోబెట్టాడు. ఇంకో మనిషి కోసం గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు.

రిహార్సల్ జరుగుతుండగానే బుచ్చమ్మ కొంగు చాటున ఫోన్ చేసింది. “మేడమ్, ఆయన ఇప్పట్ల లేసేటట్టు లేడు. పొద్దుగూకే దాంక పండుకునే ఉండాలె. మీరే రాండ్రి.” చిరునామా చెబుతుంటే వెనక నుంచి ముప్పై మంది ఒక్కసారిగా “అయ్యో, మమ్మల్ని వదిలి పోయావా!” అని గొల్లుమన్నారు. అటు పక్క మేడమ్ ఫోన్ పెట్టేసి ఆటో కోసం పరుగెత్తింది.

ఆమె ఆటో దిగేసరికి గేటు ముందు ఫ్లెక్సీ, కార్లు, పూలు, టీవీ కెమెరాలు. పొద్దున తన ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ముఖమే ఫ్లెక్సీలో చేతులు జోడించి నవ్వుతోంది. గేటు దాటుతున్న ఆమె తెల్లచీరను చూసి రవిచంద్ర ఎదురొచ్చాడు.

“ఇంత లేటేంటండీ? పదండి, పదండి. వెళ్ళి ఏడవండి!”

దుఃఖంలో ఉన్న ఇంటివాళ్ళు మాట తూలడం సహజమేనని ఆమె సర్దుకుంది. లోపలికి వెళ్ళింది.

పూలపాన్పు మీద కళ్ళు మూసుకుని హాయిగా చచ్చిపోయి ఉన్నాడు నర్సయ్య. షాట్ నడుస్తోంది. ఇంతలో చెవి దగ్గర ఒక కొత్త ఏడుపు వినపడింది. గ్లిజరిన్ ఏడుపు కాదది. ఇన్నేళ్ళుగా శవంగా పడుకున్నవాడికి ఆ తేడా తెలియదా?

“ప్రభువా! పొద్దున్నే కదండీ నా ముందు కూర్చున్నారు! ఇంత పెద్ద నాయకులయ్యుండి మా ఆఫీసులో క్యూలో నిలబడ్డారే! రెప్ప ఆర్పలేదని మూడుసార్లు విసుక్కున్నానే! అప్పటికే ప్రాణం పోతోందని నాకు తెలియలేదే!”

ఆ గొంతు మేడమ్‌దని నర్సయ్య గుర్తుపట్టాడు. కళ్ళు తెరిస్తే షాట్ పోతుంది. అతని కెరీర్‌లో ఇంతవరకు ఒక్క షాటూ అతని వల్ల పోలేదు.

మానిటర్ దగ్గర సూర్యప్రకాశరావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “ఎవరయ్యా ఆవిడ? ఏం ఏడుస్తోంది! కెమెరాను ఆవిడ దగ్గరికి పోనియ్!” అన్నాడు గుసగుసగా.

కరుణాకుమారి కళ్ళు తుడుచుకుని బుచ్చమ్మ చెయ్యి పట్టుకుంది. “ధైర్యంగా ఉండండమ్మా. పెద్దాయన పేరు ఇప్పుడే తీసేసి మీకు వితంతు పింఛను రాసేస్తాను. మళ్ళీ మీరు తిరగాల్సిన పని ఉండదు.”

బుచ్చమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి. రెండు గజాల దూరంలో కెమెరా. ఏడుపు ఆపితే భర్త నోటికాడి కూడు పోతుంది, ఆపకపోతే పింఛను పోతుంది. ఆమె రెంటినీ కలిపి రాగం తీసింది. “తీయకమ్మో... ఆయన పోలేదమ్మో... మా ఆయన బతికే ఉన్నడమ్మో!”

“మొదట్లో అందరూ అలాగే అనుకుంటారమ్మా,” అని ఆమె తల నిమిరింది మేడమ్.

‘మరణించారు’ అన్నచోట నొక్కబోతే ఫోను అడ్డం తిరిగింది. చివరిసారి ముఖం చూపించమంది. “క్షమించండి పెద్దాయనా, ఒక్క ఫోటో. ఆ తర్వాత మీ పేరు కొట్టేస్తాను,” అంటూ ఫోన్ నర్సయ్య ముఖం మీదకు వంచింది.

మూసిన రెప్పల వెనక నర్సయ్య నలిగిపోయాడు. ఒక పక్క ఇన్నేళ్ళ పరువు. ఇంకో పక్క కిరాయి, బుచ్చమ్మ మోకాళ్ళు. మధురానగర్‌లో తన తోడల్లుడి పేరు ఒకసారి పొరపాటున పోతే, దాన్ని మళ్ళీ ఎక్కించుకునేందుకు ఆ మనిషి ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. ప్రాణం పోతే ఏడ్చేవాళ్ళన్నా ఉంటారు, పేరు పోతే ఎవరూ ఉండరు. డైరెక్టర్ ‘కట్’ చెప్పలేదు. చెప్పేలా కూడా లేడు.

నర్సయ్య దిగ్గున లేచి కూర్చున్నాడు.

“మేడమ్! ఒత్తకుండ్రి! నేను బతికే ఉన్న! సూడుండ్రి!” అంటూ ఫోన్‌లోకి గుడ్లు మిటకరించి, ఇన్నేళ్ళూ దాచిపెట్టుకున్న రెప్పపాట్లన్నీ ఒక్కసారే కొట్టేశాడు.

మేడమ్ ఏడుపు విని అతను నిజంగానే పోయాడనుకున్న ముప్పై మందిలో గోడ దూకినవాళ్ళు దూకగా మిగిలినవాళ్ళు కార్ల కింద దూరారు. శవానికి భార్య వేషం వేస్తున్న నటి పూలబుట్టలో కూలబడింది. కరుణాకుమారి మాత్రం చాచిన చెయ్యి చాచినట్టే, నోరు తెరిచినట్టే, రెప్ప వేయకుండా నిలబడిపోయింది. ఆమె చేతిలో ఫోను కిలకిలమని మోగింది. ముఖం కలిసింది, మనిషి సజీవంగా ఉన్నాడు, ధ్రువీకరణ పూర్తయింది.

“అయిందా మేడమ్?” అన్నాడు నర్సయ్య మెడలో దండతోనే.

“అ... అయిందండీ,” అంది ఆవిడ, ఒక గ్లాసు నీళ్ళు తాగాక.

అప్పుడు ఏడ్చింది బుచ్చమ్మ, నిజంగా. షాట్‌లో రాని కన్నీళ్ళన్నీ ఇప్పుడొచ్చాయి. నర్సయ్యకూ కళ్ళు చెమర్చాయి. రెండు నెలలుగా గుండెల మీద పెట్టుకున్న బండ దిగినట్టయి, పూలపాన్పు మీదే చతికిలబడి డబ్బా విప్పించుకుని అన్నం తిన్నాడు.

“షూటింగని ముందే చెప్పొచ్చుగా? నా ప్రాణం పోయినంత పనైంది!” అని కేకలేసింది మేడమ్.

“చెప్తే పింఛన్ తీసేస్తరని...”

“శవం వేషాలేస్తే కోటీశ్వరులైపోతారా? ఎవరండీ చెప్పింది?”

బుచ్చమ్మ పక్కింటావిడ పేరు చెప్పబోయి, ఇంకో గొడవెందుకని ఊరుకుంది.

కారాలూ మిరియాలూ నూరుతూ వచ్చిన సూర్యప్రకాశరావు ముందు నర్సయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాని తీసిందాన్ని మరోసారి చూసుకునేసరికి డైరెక్టర్ ముఖం మారిపోయింది. అంత భయం, అంత పరుగు ఎంత డబ్బు పెట్టినా రావు. “ఇంటర్వెల్ సీను దొరికిందయ్యా!” అని నర్సయ్యను కావలించుకున్నాడు. చచ్చిన నాయకుడు లేచాడు కాబట్టి ఇక అతనికి మాటలు రాయాలి. శవం నర్సయ్య జీవితంలో మొదటిసారి డైలాగు చెప్పాడు. రవిచంద్ర కరుణాకుమారికి కూడా ఏడుపు కూలీ ఇవ్వబోతే, ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి ఆటో ఎక్కేసింది.

మరుసటి నెల ఆగిన పింఛనుతో కలిపి మొత్తం బ్యాంకులో పడింది. కిరాయి తీరింది, మందులొచ్చాయి. ఇప్పుడు నర్సయ్యకు పెళ్ళిపెద్ద వేషాలు, తాత వేషాలు వస్తున్నాయి గాని శవం వేషానికి మాత్రం ఎవరూ పిలవడం లేదు.

అతను బతికున్నాడని సర్కారు నమ్మింది గాని, చచ్చాడంటే ఫిల్మ్‌నగర్‌లో ఇక ఎవ్వరూ నమ్మరు.