హాజరు బిళ్ల విజయము

ఆషాఢ మేఘ మత్తగజములు గంగపై గుంపుగూడి, కలకత్తా గార్డెన్ రీచి రేవు క్రేనుల కొమ్ములకు కడుపులు రాచుకొనుచు, కురియుదుమా మానుదుమా యని తర్జనభర్జన పడుచుండ, ఎర్రజెండాల యేలుబడిలో నొకనాటి ఉదయమున, రేవు కళాసీలలో మేటి, జనుము బేళ్ల పాలిటి భీమసేనుడు, సిక్కోలు సీమ వాసి యగు పోలయ్య, కూతురు కామాక్షి పన్నెండవ తరగతి మార్కుల పత్రమునకు ప్లాస్టిక్ సంచిని కవచముగా తొడిగి సమరమునకు వెడలెను. ఇల్లాలు రామమ్మ సద్ది క్యారేజీ నందించెను.

పత్రమొకటి, గుమ్మములు రెండు. మహావిశ్వవిద్యాలయమున సీటు వచ్చినది, ఏక్‌బాల్‌పూరు సందులోని చిన్న కాలేజీలోను వచ్చినది. ఆనాడు మధ్యాహ్నము రెండు కొట్టులోగా అసలు పత్రము నెచ్చట నిచ్చిన నచ్చటనే చదువు.

“పెద్ద ఓడకే పెద్ద సరుకే గుంటా!” అని పోలయ్య కూతురిపై గర్జించెను.

“అక్కడ క్లాసుకి నూటేబై మంది అయ్యా! డౌటొస్తే ఎవుల్నడగాల? సిన్న కాలేజీలో పదారు మందే.”

“సదివినోలికి డౌటెందుకొస్తాదే?”

ఈ బ్రహ్మాస్త్రము తగిలి కామాక్షి తండ్రి వెంట విశ్వవిద్యాలయపు బస్సెక్కెను.

విశ్వవిద్యాలయ ప్రాంగణమున వరుస వాసుకివలె మెలికలు తిరిగియుండెను. కామాక్షి చేత నొక నంబరు చీటీ పెట్టిరి. మూడు గంటల సేపు నిలిచిరి. అంతట కిటికీ గుహాంతరమునుండి గుమాస్తా సింహనాదము: “నాలుగు వందల పదిహేడు!”

అది కామాక్షి నంబరు. కాని ఇరువది రెండేండ్లుగా ప్రతి వేకువను రేవు హాజరులో నంబరుకే పలికిన కంఠమాగునా? పోలయ్య జేబులోని, తన కూలి నంబరు చెక్కిన ఇత్తడి హాజరు బిళ్ల నాకసమున కెత్తి, ఆవలి యొడ్డున పడవలదరునట్లు “హాజిర్!” అని అరచెను.

వరుస యెల్ల ఘొల్లుమనెను. “చేరేది మీరా దాదా, అమ్మాయా?” అనెను గుమాస్తా.

పోలయ్య నవ్వలేదు. బిళ్లను చూచెను. కూతురి చేతిలోని చీటీని చూచెను. సంచిని చంకన పెట్టుకొనెను.

“రా, పోదాం.”

“ఏటయిందయ్యా?”

“మనింట్లో నంబరోడ్ని నానొక్కడ్ని సాలు.”

రెండు కొట్టుటకు పది నిమిషముల ముందు చిన్న కాలేజీ వసారాలో వారు రొప్పుచు నిలిచిరి. కళ్లజోడుకు దారము కట్టుకొన్న ముసలి గుమాస్తా పత్రము నందుకొని పేరడిగి, లోనికి పోయి, మరల తొంగిచూచి, వంగభాషలో రా తల్లీ యని పిలిచెను: “కామాక్షీ, ఎశో మా!”

పోలయ్య చేయి అలవాటున జేబులోనికి పోయెను; బిళ్లను తీయక అచ్చటనే నిలిచెను.

వినుడు జనులారా! రేవు వీరుని బిడ్డ కలకత్తా మహానగరమున నొక్కమారు పేరుతో పిలువబడినది!

ఆకసమును నిర్ణయమునకు వచ్చి కురిసెను. వసారా బల్లపై తండ్రీకూతుళ్లు క్యారేజీ విప్పిరి: చద్దన్నము, ఎండు నెత్తళ్ల పులుసు. గుమాస్తా తన మరమరాల పొట్లముతో వచ్చి చివర కూర్చుండెను. పోలయ్య జరిగి చోటిచ్చెను. మువ్వురును కలిసి తినిరి.