సత్తెమ్మ పిడికిలి

కీర్తికి ఈ లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: అత్తమ్మ కుడిచేయి చల్లబడి, చచ్చుబడిపోతుందేమోనని.

మూడు రోజుల కిందట జనగామ దవాఖానలో సత్తెమ్మకు మణికట్టు దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి గుండె పరీక్ష చేశారు. గుండె బాగానే ఉందన్నారు. ఇంటికి పంపేముందు నర్సు మూడు మాటలు చెప్పింది: వేళ్లు వెచ్చగా ఉండాలి, గోళ్లు ఎర్రగా ఉండాలి, వేళ్లన్నీ ఆడాలి. తేడా కనిపిస్తే వెంటనే తీసుకురావాలి. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన కీర్తికి దవాఖాన కాగితంలోని ఇంగ్లీషు అందలేదు. అందుకే ఆ మూడు మాటలనూ క్యాలెండర్ వెనక రాసిపెట్టుకుంది. గంటగంటకూ చూడాల్సిందే అనుకుంది. "ఏం గాదు, నేనున్న గద" అని అత్తమ్మను పరీక్షకు ఒప్పించింది తనే మరి.

ఆ ఉదయం తరిగొప్పులలోని ఆ ఇంట్లో చేయాల్సిన పని ముందే ఖరారైంది. మరునాడు మహబూబాబాద్‌లో ఆడబిడ్డ శ్రేయకు శ్రీమంతం. సారెలో ఐదు వందల సకినాలు పోవాలి. రాత్రే బియ్యం నానబోశారు, తెల్లారి పిండి పట్టించి వాము, నువ్వులు వేసి తడిపారు. పదింటికి వాడకట్టు ఆడవాళ్లు వచ్చి చుడతారు. సత్తెమ్మ మాత్రం పిండి ముట్టకూడదు.

"ఒక్కటే ఒక్కటి, బిడ్డా. మొదటి సకినం నేను చుట్టకుంటే ఎట్ల?"

"అరసకినం గూడ వద్దు. మిథున్ మీద ఒట్టు వెయ్యి."

కుడిచేయి కదపకూడదని కీర్తి అంది కాబట్టి, సత్తెమ్మ పద్నాలుగు నెలల మనవడి తల మీద ఎడమచేయి పెట్టి ఒట్టేసింది. కీర్తి నిశ్చింతగా పిల్లవాడికి అన్నం పెట్టబోతే చెంచా చేతిలోంచి జారి పడింది. ఈమధ్య అన్నీ అలాగే జారుతున్నాయి. తీసుకోవడమే తప్ప, ఎందుకు జారుతున్నాయో చూసేంత తీరిక ఆమెకు లేదు.

తొమ్మిదింటి తనిఖీకి వెళ్లేసరికి సత్తెమ్మ వెనకగదిలో, వడ్లబస్తాల చాటున, గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. కుడిచేయి కొంగులో ఉంది.

"చెయ్యి చూపియ్యి అత్తమ్మా."

సత్తెమ్మ గోడవైపు ఇంకొంచెం జరిగింది. కీర్తి కొంగులో చెయ్యిపెట్టి వేళ్లు పట్టుకుంది. చల్లగా, తడిగా తగిలాయి. ఆ మసకలో చూస్తే తెల్లగా ఉన్నాయి. పైగా బిగిసిన పిడికిలి.

"వేళ్లు తెరువు!"

తెరవలేదు.

"తెరువస్తలేదా? మాట్లాడు!"

ఒట్టు తప్పినట్టు ఒప్పుకోవడం కన్నా నోరు మూసుకోవడమే నయమనుకుని సత్తెమ్మ తల మాత్రం అడ్డంగా ఊపింది. కీర్తి వాకిట్లోకి పరుగెత్తింది.

"ఓ శ్రీకర్! బండి తియ్యి! మీ అమ్మకు చెయ్యితోని మాట గూడ పడిపోయింది!"

ఆమె భర్త శ్రీకర్ గడ్డం సగం గీసుకున్న ముఖంతోనే కారు తీశాడు. గాలి తగిలితే ఇంకా చల్లబడుతుందని, చంకలో మిథున్‌తోనే కీర్తి ఆ పిడికిలిని తువాలులో చుట్టి, పైన మిథున్ ఉన్నిటోపీ తొడిగింది. కారులోంచే 'అమ్మ చెయ్యి' అనే కుటుంబ గ్రూపులో మాట రికార్డు చేసి పెట్టింది: "చెయ్యి చల్లగయింది, తెల్లగయింది, వేళ్లు ముడుచుకపోయినయి. జనగామ తీస్కపోతున్నం."

భూపాలపల్లిలో ఉద్యోగం చేసే సత్తెమ్మ పెద్దకొడుకు విక్రమ్ అది విని, చిట్యాలలో ఉన్న మేనమామ హన్మంత్‌కు ఫోన్ చేశాడు. "వేళ్లకు రక్తం పోతలేదంట మామా." హన్మంత్ శ్రేయకు చేశాడు. "చెయ్యి పనికిరాదంట బిడ్డా, గుండె దిటవు చేస్కో." శ్రేయ ఏడుస్తూ అత్తగారికి చెప్పింది. "మా అమ్మ చెయ్యి తీసేస్తున్నరు." ఆ అత్తగారు అప్పటికప్పుడు శ్రీమంతం ఆపించి, వంటవాళ్లను వెనక్కి పంపేసింది.

దవాఖానలో వరుస పెద్దది. వాళ్ల వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. అప్పటికి విక్రమ్, కాపడానికి ఉప్పుమూటతో హన్మంత్ కూడా దిగారు.

"అక్కా, ఒక్క చెయ్యి లేకున్నా మస్తుమంది బతుకుతుండ్రు," అని హన్మంత్ ధైర్యం చెప్పాడు.

సత్తెమ్మ తమ్ముడి వైపు ఉరిమి చూసింది.

డాక్టర్ వనమాల మొదట టోపీ తీసింది, తర్వాత తువాలు విప్పింది. పిడికిలిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"వాము వాసనొస్తున్నదేంది?"

గదిలో అందరూ సత్తెమ్మను చూశారు. పిడికిలి మెల్లగా తెరుచుకుంది. లోపల నిమ్మకాయంత పిండిముద్ద, నాలుగు నువ్వులు.

"ఒట్టు ఎడమచేత్తోనే వేసిన," అంది సత్తెమ్మ. మూడు గంటల్లో అదే మొదటి మాట. "అయినా పిల్లగానికేమన్న అయితదని భయమయింది."

ముద్దను పక్కన పెట్టించి, చెయ్యి కడిగించి డాక్టర్ వేళ్లు పట్టి చూసింది, గోరు నొక్కి వదిలింది, బొటనవేలికి క్లిప్పు పెట్టింది. "రక్తం మంచిగ పోతున్నది. బొటనవేలు పక్కన ఒక నాళం, చిటికెనవేలు పక్కన ఇంకోటి ఉంటయి. గొట్టం పెట్టిన నాళం కొన్నాళ్లు మొరాయించినా చానామందికి రెండోది చూసుకుంటది. ఎప్పుడన్న ఒకరికి ఇబ్బందైతది, అందుకే చూడమన్నం. బరువులు ఎత్తద్దు గని వేళ్లు ఆడియ్యచ్చు."

"సకినం చుట్టచ్చా?" అంది సత్తెమ్మ.

"ఏదీ, చుట్టు చూద్దాం."

సత్తెమ్మ పక్కన పెట్టిన ముద్దతో అక్కడే, మందులచీటీల పుస్తకం అట్ట మీద, మూడు చుట్లు చుట్టింది. వంకర లేదు, తెగలేదు. హన్మంత్ ఉప్పుమూటను వీపు వెనక దాచుకున్నాడు.

కీర్తి సిగ్గుతో తల వంచుకుంది. "ఊకెనే అందర్ని పరేషాన్ చేసిన."

"లేదమ్మా. చల్లగ, తెల్లగ ఉంటే తీస్కరావాల్సిందే. ఇక్కడ సంతకం పెట్టు."

కీర్తి పెన్ను పట్టుకుంది. జారింది. మళ్లీ పట్టుకుంది. మళ్లీ జారింది. డాక్టర్ ఆమె చెయ్యి ముందుకు లాగి మణికట్టు మీద తట్టింది. కీర్తి 'అమ్మా' అంది.

"ఎన్ని దినాలాయె తిమ్మిర్లు?"

"నెల... రెండు నెలలు. పిల్లగాడు చంక దిగడు మేడం."

"నరం ఒత్తుకుంటున్నది. మణికట్టుకు పట్టీ కట్టుకోవాలె, పిల్లగాణ్ని వేరేవాళ్లు ఎత్తుకోవాలె. పదిహేను దినాలకు మళ్లా రా. అత్తది మంచిగున్నది, చూపియ్యాల్సింది నీ చెయ్యి."

విక్రమ్ మారుమాట లేకుండా మిథున్‌ను ఎత్తుకున్నాడు. శ్రీకర్ మహబూబాబాద్‌కు ఫోన్ చేసి, శ్రీమంతం జరుగుతుందని, వంటవాళ్లను మళ్లీ పిలవమని బతిమాలాడు; సకినాలు సాయంత్రం చుడదామని వాడకట్టుకూ కబురు పెట్టాడు. సత్తెమ్మ కారులో కోడలి ఫోన్ తీసుకుని, కుడిచేతి చూపుడువేలితో ఒక్కో అక్షరం నొక్కి గ్రూపు పేరు 'కోడలి చెయ్యి' అని మార్చింది. తర్వాత గంటగంటకూ తనిఖీ మొదలుపెట్టింది.

"వేళ్లు చూపియ్యి బిడ్డా. మిథున్‌ను ఎత్తనని ఒట్టు వెయ్యి. కుడిచేత్తోని."

మీ ఇంట్లో ఎవరికైనా మణికట్టు నుంచి గుండె పరీక్ష చేయించి ఉంటే, వాళ్ల వేళ్లు ఒకసారి పట్టుకుని చూడండి. ఆ తర్వాత, వాళ్లను చూసుకుంటున్న మనిషి వేళ్లు కూడా చూడండి. ముందు మాత్రం పిండి కడిగించండి.