సంసోనుకు గడి లేదు

ఆ శుక్రవారం పొద్దున గిద్యోను ఇంట్లో ఉన్నవాళ్ళు వీరు: గొర్రెల గిద్యోను, అతని భార్య ఏసమ్మ, తల్లి మణెమ్మ, మూలన గుడ్లు పొదుగుతున్న పెట్ట, అరుగు మీద గంజి తాగుతున్న బండి గురుస్వామి, పద్నాలుగేళ్ళ కూతురు లీదియా. కుక్క గడప దాటి లోపలికి రాకూడదని మణెమ్మ కట్టడి చేసింది కాబట్టి ఏడు నెలల సంసోను ఈ లెక్కలో లేదు. అది బయట ముందుకాళ్ళ మీద గడ్డం ఆనించి పడుకుంది. లీదియా లెక్కలో ఉన్నా పెద్ద తేడా లేదు. బడిలో అయ్యవారు హాజరు పిలిస్తే పలకలేక లేచి నిలబడే పిల్ల అది. చెప్పవలసిందేదైనా ఉంటే రాసుకుంటుంది.

ఆనాటి ముచ్చట మామూలుదే. ఎండాకాలం వచ్చింది, ఊళ్ళో గడ్డి పోచ లేదు. సోమవారం గొర్రెలను నల్లమలకు తోలాలి. రోజుకు పన్నెండు మైళ్ళు మంద వెంట కుక్క నడవాలి. సంసోను నిన్న ఊరి పక్క వాగు దాటకముందే కూలబడింది.

"సంసోనని పేరు పెట్టినారు గాని, దీనికి మన కోడిపెట్టకుండే దమ్ము గూడా లేదు" అన్నాడు గిద్యోను. "గురుస్వామీ, సోమవారం పోతా పోతా దీన్ని తోలుకపో. బండి కింద కట్టేసుకో."

గురుస్వామి మార్కాపురం గనుల నుంచి పలకలు తోలే మనిషి. కుక్క వైపు అనుమానంగా చూశాడు. "నడవలేని కుక్కను బండి కింద కడితే ఎట్లన్నా? బండి మీద ఎక్కించుకొని నేను కింద నడవాల."

"బైబిలు వేదంలో పేరు కుక్కకు పెడితే ఇంతే" అంది మణెమ్మ. "ఆ సంసోనుకు బలమంతా జుట్టులోనే. ఎవురో దీని జుట్టు గూడా కత్తిరించినారు."

"దానికి ఒంట్లో బాగలేదు" అంది లీదియా.

అందరూ ఆమె వైపు తిరిగారు. కుక్క జబ్బు గురించి కాదు, లీదియా మాట్లాడినందుకు. పెట్ట కూడా మెడ ఎత్తి చూసింది.

"బాగలేక గాదు, అది సోమరిది" అన్నాడు గిద్యోను.

"సోమరిదైతే ముందే పండుకుంటాది నాయనా. ఇది పరిగెత్తి పరిగెత్తి పడిపోతాది. రెండూ ఒకటి గాదు."

"డాక్టరమ్మ చెప్పింది, విన్నారా!" అని గిద్యోను నవ్వి, తలపాగా చుట్టుకుని గొర్రెల దగ్గరికి పోయాడు.

నవ్వకుండా ఉంటే లీదియా ఊరుకునేదేమో. లోపలికి పోయి, గురుస్వామి ఎప్పుడో ఇచ్చిన విరిగిన పలక తీసింది. దాని మీద పన్నెండు రోజుల సంసోను చరిత్ర ఉంది. ఎంత దూరం పరిగెత్తింది, ఎక్కడ కూలబడింది, ఎంత సేపు రొప్పింది, నోట నురగ వచ్చిందా లేదా, గంజి ఎంత మిగిల్చింది. పలకను చంకన పెట్టుకుని, కుక్కను పిలుచుకుని, సంత ఊళ్ళోని పశువుల దవాఖానాకు బయలుదేరింది. నాలుగు మైళ్ళు. మొదటి మైలు ఇద్దరూ నడిచారు. తక్కిన మూడు మైళ్ళు సంసోను ఆమె భుజాల మీద గొర్రెపిల్లలాగా వెళ్ళింది.

డాక్టరు క్యాంపులో ఉన్నాడు. కాంపౌండరు ప్రకాశరావు తల ఎత్తకుండానే అడిగాడు. "ఏం పశువు?"

లీదియా పలక బల్ల మీద పెట్టింది. ఆయన చదివాడు, మెచ్చుకున్నాడు, తల ఎత్తాడు, మెచ్చుకోవడం మానేశాడు.

"ఇది కుక్క కదమ్మా! కుక్కకు గడి లేదు." రిజిస్టరు ఇటు తిప్పి చూపించాడు. ఎద్దు, ఆవు, బర్రె, దూడ, గొర్రె, మేక, గుర్రం, గాడిద. "చూశావా? గాడిదకు కూడా ఉంది, కుక్కకు లేదు. గడి లేనిదానికి మందు ఇవ్వకూడదు. ఇంటికి వెళ్ళు."

లీదియా వెళ్ళలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది. ఎద్దులు వచ్చాయి, పోయాయి. కాంపౌండరు భోజనానికి పోయి వచ్చాడు.

"ఇంకా ఉన్నావా?"

"మందిచ్చేదాకా ఉంటా."

"గడి లేదని చెప్పానా?"

"గడి లేకుంటే గీసుకోండి. గీతలబద్ద మీ ముందరే ఉండాది."

సర్కారు రిజిస్టరులో గీత గీయడమనే మాట విని ప్రకాశరావుకు చెమటలు పట్టాయి. సాయంత్రం తలుపులు వేసే వేళకు ఆయన ఓడిపోయాడు. "గుర్రమని రాస్తే ఎవరి గుర్రమని అడుగుతారు. దూడ అని రాస్తాను. దూడ సంగతి ఎవరూ అడగరు" అంటూ దూడ గడిలో ఒకటి వేసి, గిద్యోను పేరూ ఊరూ రాసుకుని, రోగ లక్షణాలు పలక మీద నుంచి పొల్లు పోకుండా ఎక్కించాడు. కడుపులో పురుగులు పోవడానికి పొడి పొట్లం కట్టి ఇచ్చాడు.

శనివారం ఆ రిజిస్టరు చూసి వారం నివేదిక తయారు చేసినవాడు వేరే గుమాస్తా. సంసోనును అతను చూడలేదు. ఏడు నెలల దూడ, రొప్పు, నోట నురగ, మేత ముట్టదు, నిలబడలేదు. ఆ లక్షణాలు చదివి అతను హడలిపోయాడు. పశువులను మందలకు మందలు ఊడ్చుకుపోయే పెద్దరోగమని రాసి, ఒక కాగితం పైకీ ఒక తాకీదు ఊరి మునసబుకూ పంపించాడు.

ఆదివారం ఆరాధన ముగించుకుని అందరూ ఇంటికి వస్తుండగా తలారి గంగయ్య డప్పు వినిపించింది.

"గిద్యోను ఇంట్లో దూడకు పెద్దరోగం తగిలిందహో! సర్కారు మనిషి వచ్చేదాకా గొడ్డు గాని గొర్రె గాని పొలిమేర దాటగూడదహో!"

గిద్యోను పరిగెత్తి డప్పు పట్టుకున్నాడు. "గంగయ్యా! మాకు ఆవు యాడుంది, దూడ యాడుంది?"

"నాకేం తెలుసన్నా? కాగితంలో ఉంది."

"కాగితంలో ఉంటే కాగితాన్నే కట్టేసుకోమను!"

మునసబు స్వయంగా వచ్చాడు. ఆయన ఆలోచనాపరుడు. "సర్కారు రిజిస్టరులో దూడ ఉందంటే ఉన్నట్టే. నీకు ఆవు లేదంటివి. ఆవు లేనోని ఇంట్లో దూడ ఉందంటే ఏమన్నట్టు గిద్యోనూ?"

ఏమన్నట్టో గిద్యోనుకు అర్థం కాలేదు గానీ, పోయిన నెల దూడ తప్పిపోయిన అలివేలమ్మకు వెంటనే అర్థమైంది. "అయ్యా, ఆ దూడ రంగేంది?"

మునసబు తాకీదు తిరగేశాడు. "రంగు రాయలేదు."

"అయితే నాదే!" అని అలివేలమ్మ కొంగు నడుముకు చుట్టింది.

ఇల్లు వెతికారు. మంచం కింద చూశారు, గాదె వెనక చూశారు. దూడ పట్టని జాడీలో కూడా గంగయ్య చెయ్యి పెట్టి చూశాడు. పెట్ట గుడ్లు వదిలేసి దూలం ఎక్కింది. దూడ కనపడకపోవడంతో అనుమానం మరింత గట్టిపడింది. ఇంత బాగా దాచినవాడు కొత్త దొంగ కాడని అందరూ అనుకున్నారు. మర్నాడు వచ్చే పశువుల ఇనస్పెక్టరుకు చూపించడానికి ఏసమ్మ ఒక దూడను బదులు అడగబోయింది. దూడకు రోగం వచ్చిన ఇంటికి దూడను ఎవరిస్తారు? పొద్దు వాలేసరికి గిద్యోను కూడా కలతపడి, "ఏసమ్మా, మనకు దూడ లేదు గదా?" అని మెల్లగా అడిగాడు.

"ఆ దూడ సంసోనే నాయనా" అంది లీదియా. గడి సంగతి అంతా చెప్పింది.

గిద్యోను తలపాగా విప్పి నేలకు కొట్టాడు. "రేపు ఇనస్పెక్టరు రాకముందే ఆ కుక్కను గురుస్వామి బండెక్కిస్తా. దూడ చచ్చిపాయెనని చెప్తా!"

"అలివేలమ్మ దూడను చంపి పూడ్చినావంటారు" అంది ఏసమ్మ.

"అయితే ఏం చెయ్యాల?"

"నేను చెప్తా" అంది లీదియా. "దాన్ని మాత్రం బండెక్కించనియ్యను."

"నువ్వు చెప్తావా? హాజరు పలకలేని దానివి!"

సోమవారం ఇనస్పెక్టరు జట్కా దిగాడు. వెనక ప్రకాశరావు దిగాడు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఊరంతా గిద్యోను వాకిట్లో ఉంది. పొలిమేర దగ్గర ఆగిపోయిన మందలు అరుస్తున్నాయి.

"దూడ ఎక్కడ?" అన్నాడు ఇనస్పెక్టరు.

లీదియా జనాన్ని తోసుకుని వచ్చింది. చేతుల్లో సంసోను, చంకలో పలక. ఇనస్పెక్టరుకు ఎదురుగా నిలబడింది. "ఇదే దొరా. మీ పుస్తకంలో కుక్కకు గడి లేదంట. అందుకని దూడయింది. తప్పు దీనిది గాదు, నాది గాదు, మా నాయనది అసలే గాదు. గీత గియ్యనోళ్ళది."

అలివేలమ్మ దగ్గరికి వచ్చి సంసోను చెవులు పట్టుకుని పరీక్షగా చూసి, "నాది గాదు" అని తేల్చింది. మునసబు దగ్గాడు. ప్రకాశరావు కళ్ళు మూసుకున్నాడు.

"దొరా, ఆ దూడను పుస్తకంలో కొట్టేయండి" అన్నాడు గిద్యోను చేతులు జోడించి.

"కొట్టేయడమా? కాగితం మద్రాసు దాకా పోయిందయ్యా! దూడ కుక్కయిందని నేను రాస్తే, అక్కడ ముందు నాకు పిచ్చి పట్టిందని రాసుకుంటారు." ఆయన విసుగ్గా సంసోను నోరు తెరిచి చూశాడు. చిగుళ్ళు చూశాడు, పొట్ట నొక్కాడు, పాదాలు తిప్పాడు. తరువాత పలక అందుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. "ఇది ఎవరు రాశారు?"

లీదియా అలవాటుగా నిలబడబోయింది. అప్పటికే నిలబడి ఉంది. "నేనే" అంది.

"రోజుకు ఎన్ని మైళ్ళు తిప్పుతున్నావయ్యా దీన్ని?" అన్నాడు ఆయన గిద్యోను వైపు తిరిగి.

"ఎనిమిదే దొరా. అదే చెయ్యలేకుంటే రేపు పన్నెండు..."

"ఏడు నెలల పిల్ల! ఎముక ముదరలేదు, కడుపు నిండా పురుగులు, తిండి చూస్తే గంజినీళ్ళు. అట్లా తిప్పితే నువ్వూ వాగు దగ్గర పడుకుంటావు. ఈ పిల్ల పలక మీద రాసింది నీకు కంటికి కనపడలేదా?"

గిద్యోను పలక వైపు చూశాడు. అతనికి చదువు రాదు. అయినా ఎవరూ చెప్పలేదని అనలేకపోయాడు. చెప్పబోతే నవ్విందెవరో అతనికి గుర్తుంది.

ఇనస్పెక్టరు అరుగు మీద కూర్చుని తాకీదు రాశాడు. మునసబు చదివి వినిపించాడు. పెద్దరోగం లేదు, తక్కిన పశువులు ఎక్కడికైనా పోవచ్చు. అనుమానమున్న దూడను మాత్రం ముప్పై రోజులు ఇంటి లోపలే ఉంచాలి, పొలిమేర దాటించకూడదు, నడిపించకూడదు. పూటకొక ముంత మేకపాలు, రాగి సంకటి, పురుగుల పొడి. చూసుకోవడానికి మనిషి ఒకరే, గిద్యోను కూతురు లీదియా. తలారి రోజూ వచ్చి దూడ పాలు తాగిందో లేదో చూసి మునసబుకు చెప్పాలి.

గురుస్వామి ఖాళీ బండి తోలుకుని పోయాడు. మణెమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. "కుక్క నా ఇంట్లోకా?"

"కుక్క గాదవ్వా, దూడ" అంది లీదియా. "కావాలంటే మద్రాసుకు రాసి కనుక్కో."

మణెమ్మ పక్కకు జరిగింది. లీదియా సంసోనును ఎత్తుకుని గడప దాటింది. గిద్యోను ఆమె ముఖం చూడకుండా ఒక ముంత పాలు లోపల పెట్టి, సర్కారు తాకీదు ప్రకారం తలుపు వేశాడు.

బయట గొళ్ళెం పడింది, లోపల దూడ తోక ఆడించింది.