పదహారేళ్ళుగా ఎగరబోతున్న హెలికాప్టర్

పోయిన గురువారం మా పక్కింటి జెనిఫర్ గోడ మీదుగా తల పెట్టి ఒక కబురు చెప్పింది. రొట్టెల కొట్టు దగ్గర డెంజిల్ వాళ్ళావిడ కళ్ళొత్తుకుంటూ అందిట, "వచ్చేవారం ఆ హెలికాప్టర్ ఎగురుతుందిట జెనిఫర్! ఇక మా ఆయన శనివారాలు ఇంట్లోనే పడుంటాడు!" అని. జెనిఫర్ ఈ సంగతి చావు కబురు చెప్పినట్టు చెప్పింది. నేనూ అలాగే విన్నాను.

అందుచేత పాఠకులకు నా నిశ్చితాభిప్రాయం విన్నవించుకుంటున్నాను. పాత సైనిక హెలికాప్టర్‌ని బాగుచేయడం మహత్తరమైన పని. దాన్ని ఎగరేయడం మాత్రం శుద్ధ దండగ. దండగేమిటి, సంఘద్రోహం!

నేనేదో గట్టున కూర్చుని మాట్లాడుతున్నాననుకునేరు. ఇంగ్లండు పడమటి కొసన మా కార్న్‌వాల్‌లో, సముద్రానికి రెండు మైళ్ళ ఇవతల, ఒకప్పుడు డాఫొడిల్ పూలు కట్టలు కట్టిన షెడ్డులో మా వెసెక్స్ ఉంది. తుఫానులో చిక్కిన జాలర్లను నేవీ వాళ్ళు తాడేసి పైకి లాగిన హెలికాప్టర్ అది. వాళ్ళు వదిలేశాక ఒక రైతు పొలంలో పడి, పైలట్ సీట్లో కోళ్ళు గుడ్లు పెడుతుంటే, మేం పదకొండు మందిమి తెచ్చుకున్నాం. అందరం ఉద్యోగాలు విరమించినవాళ్ళమే. అందులో నేను మీటింగుల మినిట్స్ రాసేవాణ్ణి. నా చేతికి స్పానర్ ఇస్తే ఏమవుతుందో ఒకసారి చూశాక, కలం ఇచ్చారు.

పదహారేళ్ళలో ఈ హెలికాప్టర్ ఊరికి చేసిన మేలు ఏ డాక్టరు చేశాడు? మా పదకొండు మందిలో ఇంతవరకు ఒక్కరూ పోలేదు! పోవడానికి తీరికేదీ? పెథెరిక్‌కి గుండె ఆపరేషన్ అన్నప్పుడు, "గేర్‌బాక్స్ వచ్చాక చూద్దాం లెండి" అన్నాడు. గేర్‌బాక్స్ రావడానికి మూడేళ్ళు పట్టింది. ఈలోగా గుండె విసుగెత్తి తనంతట తానే కుదురుకుంది.

ఇక సంసారాల సంగతి. వారానికి మూడు రోజులు మొగుడు షెడ్డులో ఉండే ఇంట్లో ఎంత శాంతి ఉంటుందో మీకు నేను చెప్పాలా? డెంజిల్ నేవీలో ముప్పై ఏళ్ళు మెకానిక్‌గా పనిచేసినవాడు. ఇంట్లో ఉన్నాడంటే బాగున్న కెటిల్‌ని కూడా విప్పుతాడు. ఆ తల్లి కన్నీళ్ళకు అర్థముందా లేదా?

ప్రజాస్వామ్యాన్ని మాత్రం తక్కువ కాపాడామా? హెలికాప్టర్ ఒంటికి వేసిన నీలం రంగు సముద్రం నీలమా, సిరా నీలమా అన్న విషయం మీద పద్నాలుగు నెలలు చర్చించి, నాలుగుసార్లు ఓటింగ్ పెట్టాం. చివరికి నెగ్గిన నీలం, మొదట్నుంచీ ఉన్న నీలమే! ఏ పార్లమెంటులోనైనా ఇంత నిజాయితీ చూశారా?

అన్నింటికన్నా గొప్పవి రబ్బరు పైపులు. వాటి మహిమ మీకు తెలియాలి.

హెలికాప్టర్ పొట్టలో నూనె పారే పైపులు నలభై రెండు. ప్రతిదానికీ ఒక గడువు. బిగించినా బిగించకపోయినా ఆ తేదీ దాటితే పనికిరాదు, మార్చాల్సిందే. డెంజిల్ నేవీ మనిషి కనక మాన్యువల్‌లో ఉన్న వరసే వరస. ఒకటో నంబరు పైపు బిగించాలి, ఇంకొకరు తనిఖీ చేయాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి, టీ తాగాలి. అప్పుడే రెండో నంబరు తెప్పించాలి. పోయినేడాది నలభై రెండోది బిగించి, నడుం పట్టుకుని లేచాడు.

"అయిపోయిందోయ్! మొత్తం నలభై రెండూ!"

నేను పుస్తకం తిరగేశాను. "ఒకటో నంబరుకి గడువు తీరిపోయింది, డెంజిల్."

"ఎప్పుడు?"

"పోయిన మంగళవారం."

స్పానర్ తుడిచి పెట్టెలో పెట్టాడు. "అయితే టీ పెట్టు" అన్నాడు.

ఆ మొహంలో దుఃఖం కోసం వెతికాను. ఎక్కడా లేదు. మొదటి పైపు నుంచి మళ్ళీ మొదలుపెట్టొచ్చు కదా! తరగని పని దొరకడం ఎంతమందికి రాసిపెట్టి ఉంటుంది?

ఇంత చక్కగా సాగుతున్న జీవితంలో నిప్పులు పోసింది లవ్‌డే అత్త.

మా వైపు పెద్ద వయసు ఆడవాళ్ళందరినీ అత్తా అనే పిలుస్తాం. ఆవిడకి ఎనభై ఒకటి. నలభై రెండేళ్ళ కిందట మొగుడి పడవలో కూలివాడు జ్వరపడితే, పీతల బోనులు లాగడానికి తనే వెళ్ళింది. గాలి తిరిగింది, పడవ బోల్తా పడింది. ఆలుమగలిద్దర్నీ నీళ్ళలోంచి లాగింది మా వెసెక్సే. లాగ్‌బుక్‌లో తేదీతో సహా ఉంది. ఆ తర్వాత ఆయన ముప్పై ఏళ్ళు బతికి, మంచం మీద, పొడి బట్టల్లో పోయాడు.

ప్రతి శనివారం కుంకుమపువ్వు వేసిన బన్నులు బుట్టనిండా తెచ్చిపెడుతుంది. "ఒక్కసారి దాన్ని మా ఇంటి మీదుగా తిప్పండర్రా, అబ్బాయిలూ" అంటుంది. డెబ్భై దాటిన అబ్బాయిలం బన్నులు నములుతూ "తప్పకుండా అత్తా" అంటాం. అలా ఎన్ని బన్నులు తిన్నామో దేవుడికే తెలియాలి.

ఏప్రిల్‌లో ఆవిడ బుట్ట దింపలేదు. చేత్తో పట్టుకునే నిలబడింది.

"ఏరా డెంజిల్, ఆ పైపులు ఒక్కొక్కటే ఎందుకు తెప్పిస్తావు? నలభై రెండూ ఒక్కసారే తెప్పించి రెండు వారాల్లో బిగించలేవూ? నా కళ్ళు పోతున్నాయి. చలికాలం దాకా ఉంటే గొప్పే అన్నాడు డాక్టరు."

"వరస తప్పుతుంది కదత్తా."

"ఏం, తప్పితే కోర్టులో పెడతారా?"

పదహారేళ్ళుగా పదకొండు బుర్రలకి తట్టని ఆలోచన అది. తట్టలేదని ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఇక చేసేదేముంది? తెప్పించాం. అన్నీ పాత సరుకే, గడువు ఆర్నెల్లే మిగిలింది. బిగించాం. తనిఖీ అధికారి వచ్చి, వంక పెట్టడానికేమీ దొరక్క, అనుమతి పత్రం ఇచ్చిపోయాడు. రెండు వారాల కిందట ఇంజను తిప్పి చూశాం. డాఫొడిల్ మడుల్లో ఆవులు నాలుగు దిక్కులా పరిగెత్తాయి. అత్త ఆ రోజు కంటి ఆసుపత్రికి వెళ్ళిందిట, వినలేదు. తర్వాత వచ్చినప్పుడు తోక మీద అరచేత్తో నెమ్మదిగా నిమిరి, "నున్నగా ఉందర్రా" అంది. రంగు గురించి ఎవరైనా అలా అంటారా? మేం మాత్రం పొంగిపోయాం.

జెనిఫర్ చెప్పిన కబురు అందుకే నిజం. పైపుల గడువు తీరడానికి పందొమ్మిది రోజులుండగా, మొన్న శనివారం ఆఖరి మీటింగు పెట్టాం. పైలట్ సిద్ధం. తేదీ రాయడమే తరువాయి.

పదకొండు మొహాలూ వేలాడుతున్నాయి. ఎగిరాక? వచ్చే శనివారం ఎక్కడికి పోవాలి? ఏం విప్పాలి?

అప్పుడు పెథెరిక్ లేచి, సంచీలోంచి ఒక పాత ఫొటో తీశాడు. అత్తని కాపాడిన వారం తీసిన ఫొటోట.

"తోక మీద మనం 527 వేశాం. ఫొటోలో 521 ఉంది, చూడండి! ఆవిడ్ని లాగినప్పుడు దీని నంబరు ఇదే. తప్పు నంబరుతో ఆవిడ ముందు ఎగరేస్తే ఏం మర్యాద?"

"ఒక్క అంకె మార్చడమే కదోయ్" అన్నారెవరో.

"మొత్తం తోక గీకాలి. మూడు పూతలు వేయాలి. ఆరాలి. రంగు వేశాక మళ్ళీ తూకం వేయించాలి. నాలుగు వారాలు."

నాలుగు వారాలంటే ఎన్ని రోజులో, పందొమ్మిది అంటే ఎన్నో మాకు లెక్క తెలియదా? తెలుసు. అందుకే మొహాలు వికసించాయి! డెంజిల్ అయితే కుర్చీలోంచి ముందుకి వంగి, "అత్త కోసమే కదర్రా" అన్నాడు.

చేతులు లేచాయి. లెక్కపెట్టాను. పది. కలం కింద పెట్టి నేనూ ఎత్తాను. పదకొండు. మళ్ళీ మొదటి పైపు నుంచి. ఇంత ఏకగ్రీవంగా ఒక ముసలమ్మని గౌరవించిన సభ ఇంకెక్కడైనా ఉందేమో మీరే వెతకండి!

అప్పుడే బుట్టతో అత్త వచ్చింది. గోడకి చెయ్యి ఆనించుకుంటూ, బల్ల అంచు తడుముకుంటూ వచ్చింది. ఫొటో మీదే బుట్ట పెట్టేసింది. పెథెరిక్ బుట్ట కిందనుంచి ఫొటో లాగి, ఆవిడ మొహం ముందు పట్టుకుని, నంబరు సంగతీ, నాలుగు వారాల సంగతీ ఉత్సాహంగా వివరించాడు. "చూడు అత్తా, సరిగ్గా నువ్వు చూసిన హెలికాప్టర్‌లాగే చేస్తాం. నీకోసమే!"

ఆ తర్వాత ఆవిడ అన్నది నేను మినిట్స్‌లో అక్షరం పొల్లు పోకుండా రాశాను.

"ఆ రోజు నీళ్ళు మింగుతూ దాని తోక మీద అంకె నేను చదవలేదురా, పెథెరిక్. ఇవాళా చదవలేను, పోయిన నెల్లోనే రెండు కళ్ళూ అయిపోయాయి. చప్పుడైనా వినిపిస్తారా, నన్ను ఇంటికి పొమ్మంటారా?"