ముందు గదిలో ఒకే గోడ

"ఆ గోడ బల్లకని ఒప్పుకున్నావు," అంది వెర్నా, బంగాళాదుంపల తొక్క తీస్తూ. పొద్దున్నుంచి ఈ మాట అనడం నాలుగోసారి.

"ఒప్పుకున్నాను, కాదన్నానా? బల్లకి పైన తుపాకుల స్టాండు కొడితే బల్లకేం నొప్పి?" అన్నాడు హార్లన్.

"బల్లకి కాదు. గోడవైపు బెంచీ మీద కూర్చునేవాళ్ల బుర్రలకి."

కెంటకీ కొండల్లోని ఆ ఇంటి ముందు గదికి మూడువైపులా కిటికీలూ తలుపులే. ఖాళీ గోడ ఒక్కటే ఉంది, దాని మీద ఇద్దరి కన్నూ పడింది. ఆదివారం కూతురు లొరీన్, అల్లుడు క్లీట్, వాళ్ల ఐదుగురు పిల్లలూ భోజనానికొస్తే సగంమంది వంటింట్లో తింటారు, సగంమంది మెట్ల మీద, ఒళ్లో కంచాలతో. తొమ్మిది మొహాలూ ఒక్కచోట చూసుకుంటూ తినాలని వెర్నా కోరిక. హార్లన్ బాధ వేరు. చనిపోయిన నాన్న తుపాకులు మూడు, తను సంతలో కొన్నది ఒకటి, దుప్పట్లో చుట్టి మంచం కింద దొంగసొత్తులా పడున్నాయి.

మొన్నటి గాలివానకి వాగు అవతల పాత పశువుల కొట్టం, దాని పక్కనే మాంసం పొగబెట్టే గది కూలిపోయాయి. ఆ చెక్కతో రెండూ చేస్తానన్నాడు హార్లన్. ఊళ్లో అతనికి 'సగంపని హార్లన్' అని పేరు. ఒకసారి కోళ్లగూడు కట్టి తలుపు పెట్టడం మరిచాడు. తలుపు తయారయ్యేసరికి కోళ్లు లేవు.

"ముందు బల్ల," అంది వెర్నా.

"ముందు బల్లే," అన్నాడు.

ఆమె యాపిల్ మురబ్బా వండటానికి మూడు రోజులు చెల్లెలింటికెళ్లింది. ఇదే అదను, పని అయిపోయాక ఇంక వాదనేముంటుంది అనుకున్నాడు. కొట్టం చెక్క బూడిదరంగులో వెలిసిపోయి ఉంది. పొగగది లోపలి పలకలు మాత్రం నల్లగా నిగనిగలాడుతున్నాయి. వాటిని తన స్టాండుకి ఏరుకుని, "గట్టివన్నీ నీ బల్లకే ఉంచాను" అనే మాట కూడా సిద్ధం చేసుకున్నాడు. చిత్రిక పట్టాడు, వార్నిష్ వేశాడు, గోడకి బిగించి తుపాకులు నాలుగూ పెట్టాడు. జీవితంలో మొదటిసారి ఒక పని పూర్తిగా చేశాడు.

వెర్నా వచ్చి గుమ్మంలోనే ఆగింది. తర్వాత దగ్గరికెళ్లి పలకని వాసన చూసింది.

"పొగగది చెక్కా?"

"ఆ రంగు చూడు. కొట్లో ఇలాంటిది దొరకదు. చెక్క సంగతి నీకేం తెలుసులే."

"నిజమే, నాకేం తెలుసు," అని మురబ్బా సీసాలు సర్దుకోవడానికి వెళ్లిపోయింది.

ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె అంత తేలిగ్గా ఒప్పుకున్నది లేదు. ఆ పూట హార్లన్‌కి తిండి సయించలేదు.

మొదట వచ్చింది డీకన్. చర్చి పెద్దలా మొహం వేలాడేసుకుని తిరిగే వేటకుక్క అది. వెనక్కాళ్ల మీద లేచి, కళ్లు మూసుకుని, స్టాండు కింది పలకని భక్తిగా నాకడం మొదలుపెట్టింది.

"దానికి నచ్చినట్టుంది," అంది వెర్నా.

తర్వాత ముసురు పట్టింది, పలకలకి చెమట పట్టింది. వార్నిష్ ఆరలేదనుకుని హార్లన్ ఇంకో పూత వేశాడు. మళ్లీ చెమట, మళ్లీ పూత.

క్లీట్ వచ్చి చూసి, "మామయ్యా, నీ స్టాండు ఏడుస్తోంది," అన్నాడు.

"గాలి తగిలితే అదే ఊరుకుంటుంది," అని హార్లన్ తలుపులు బార్లా తెరిచి కునుకు తీశాడు.

లేచేసరికి ముందు గదిలో ఆవు ఉంది. స్టాండుని సొంత దూడలా నాకుతోంది. దాని తోక ఊపుకి దీపం కిందపడి ముక్కలైంది. తన వాటా పోతోందని డీకన్ మొరుగుతోంది. హార్లన్ ఆవుని ముందునుంచి నెట్టాడు. వెనక్కి నడవడం దానికి అలవాటు లేదు. చివరికి వంటింట్లోంచి తిప్పి పెరట్లోకి తోలాడు. పోతూ పోతూ అది మొక్కజొన్న రొట్టె కూడా రుచి చూసింది.

రొప్పుతూ వచ్చి ఒక తుపాకీ దించాడు. గొట్టం పొడుగునా ఎర్రటి తుప్పు. మిగతావి చూసే ధైర్యం లేక అక్కడే కూలబడ్డాడు.

"పలకల నిండా ఉప్పే," అంది చప్పుడుకి వచ్చిన వెర్నా. "మీ అమ్మా నేనూ పన్నెండు చలికాలాలు ఆ గదిలో పంది తొడలకి ఉప్పు రుద్దాం. తొడలకంటే పలకలే ఎక్కువ తాగాయి."

"మరి చెప్పలేదేం?"

"చెబితే వినే మనిషిలా కనబడ్డావా?"

"నాన్న తుపాకులు, వెర్నా."

ఆమె ఏప్రన్ జేబులోంచి నూనెగుడ్డ తీసింది. "మిగతా మూడూ చూడు."

చూశాడు. మచ్చ లేదు.

"మీ నాన్నవి మూడూ నువ్వు లేవకముందే రోజూ తుడుస్తున్నాను. నీ చేతిలోది సంతలో కొన్నది. అది ఎలాగూ పేలదు, దానికి నూనె దండగని వదిలేశాను."

హార్లన్ చేతిలోది కింద పెట్టాడు. వెళ్లి స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నాడు.

ఆదివారం అందరూ మెట్ల మీదా వంటింట్లోనూ కంచాలు పట్టుకుని సర్దుకున్నాక, అతను రెండింటికీ మధ్య గుమ్మంలో నిలబడ్డాడు. అంత నెమ్మదిగా అతను మాట్లాడటం పిల్లలు ఎన్నడూ వినలేదు.

"లొరీన్, ఆ గోడ మీ అమ్మది. బల్ల పని రేపు మొదలుపెడుతున్నాను. క్రిస్మస్ కల్లా..." వెర్నా వైపు చూశాడు. "కాదు, నెల ముందే, థాంక్స్‌గివింగ్ పండక్కల్లా అందరం దాని దగ్గరే తింటాం. మా నాన్న తుపాకులకి మీ అమ్మ తన దుప్పట్ల బీరువా ఇచ్చింది. తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది."