బ్రేకు ఎవరు తొక్కారు?

ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. తొమ్మిదిన్నరకు సొంత కారులో బయలుదేరాలి, పదింటికి కూతురు డ్రైవింగ్ పరీక్షకు నిలబడాలి. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారి లైసెన్సు చేతికొస్తే సోమవారం నుంచి ఆసుపత్రి వ్యాను నడిపే ఉద్యోగం. రాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

తొమ్మిదింటికి చూస్తే కారు చచ్చి పడి ఉంది. ఎదురింటి ఎలక్ట్రీషియన్ తన బండి బ్యాటరీ నుంచి తీగలు తగిలించాడు. తండ్రి ఇంజను లేపి, దిగి వెనక్కి వచ్చాడు. బ్రేకు మీద ఎవరి కాలూ లేదు, రెండు ఎర్రదీపాలూ భగభగా వెలుగుతున్నాయి.

“రాత్రంతా ఇలాగే వెలిగుంటాయి, బ్యాటరీ ఖాళీ అయింది. బ్రేకు దగ్గరేదో తేడా ఉంది, చూడండి,” అన్నాడు ఎలక్ట్రీషియన్.

“చూసేదేముంది? నిన్న ఇదే తొక్కిపెట్టి ఉంటుంది!” తండ్రి కూతురి మీద ఎగిరాడు.

“రాత్రంతా బ్రేకు తొక్కుతూ కార్లోనే పడుకున్నానా నాన్నా?”

“నోరొకటి!”

తెలియదని ఒప్పుకుంటే పెద్దరికం పోతుందనుకునే వాళ్ల చేతికి పనిముట్టు ఇవ్వకూడదు. ఇచ్చేదేముంది, ఆయనే తెచ్చుకున్నాడు. పట్టకారుతో బ్రేకు దీపాల ఫ్యూజు పీకేశాడు. దీపాలు ఆరాయి.

“రోగం కుదిరింది! ఎక్కు!”

కూతురు ఎక్కి, బ్రేకు తొక్కి గేరు లాగింది. రాలేదు. తండ్రి రెండు చేతులా పట్టి లాగాడు. గేరు కదల్లేదు, దాని తొడుగు మాత్రం ఊడి చేతికొచ్చింది.

కూతురు కారు పుస్తకం తెరిచింది. “అరవకుండా విను నాన్నా. పెడల్ పైన సెన్సరుంది. కాలు పడిందో లేదో కారుకు చెప్పేది అదే. నువ్వు ఫ్యూజు పీకి దాని నోరు నొక్కేశావు. ఇది ఆటోమేటిక్ కారు, బ్రేకు తొక్కారని తెలిస్తేనే గేరు కదులుతుంది.”

“మరి దీపాలెందుకు వెలిగాయే?”

“కాలు తీశాక పెడల్ పైకొచ్చి సెన్సర్‌ను నొక్కాలి. నొక్కితేనే దీపాలు ఆరతాయి. అందుకు పెడల్‌కో ప్లాస్టిక్ బొత్తాం ఉండాలి. ఇక్కడ చిల్లుంది, బొత్తాం లేదు. నిన్న కారు ఊడ్చిందెవరు?”

తండ్రి పక్కింటి గోడను శ్రద్ధగా పరిశీలించాడు.

“నల్లగా, గోరంత ఉంటుంది. కింద కాడ కూడా ఉంటుంది.”

గుమ్మంలో ఉన్న తల్లి నడుం మీద చెయ్యి వేసుకుంది. “అదా! టీవీ రిమోట్‌లో ఊడిపోయిన ఆన్-ఆఫ్ బొత్తాం దొరికిందని నిన్న ఇల్లెగిరేలా చాటారు మీ నాన్న. అచ్చు గుద్దినట్టు సరిపోయిందట! జిగురు పెట్టి మరీ అతికించారు.”

“చెత్తలో పారేశానా ఏంటి?” తండ్రి గొణిగాడు.

కూతురు రిమోట్‌లోంచి దాన్ని పెకలించి, జిగురు గీకి, పెడల్ చిల్లులో నొక్కింది. ఫ్యూజు తిరిగి పెట్టింది. కాలు వేస్తే దీపాలు వెలిగాయి, తీస్తే ఆరాయి. గేరు వెన్నలా జారింది. పక్క సీటెక్కబోయిన తండ్రిని ఆపింది. “నువ్వొద్దు. బాబాయ్, మీరెక్కండి!” ఎలక్ట్రీషియన్ ఎక్కాడు.

పరీక్షాధికారి మొదటి ప్రశ్న: “బ్రేకు దీపాలు పనిచేస్తున్నాయో లేదో ఎలా తెలుసుకుంటారు?” ఆమె మొదలుపెట్టింది. రిమోట్ దాకా వచ్చేసరికి ఆయన చెయ్యెత్తి, “చాలమ్మా, ఇక నడుపు,” అన్నాడు. నడిపింది. నెగ్గింది.

ఆ సాయంత్రం నుంచి కారు తాళాలు కూతురి దగ్గర, రిమోట్ తండ్రి దగ్గర. టీవీ ఆర్పాలంటే మాత్రం ఆయన లేచి వెళ్లాల్సిందే.