జెండా ఊపకుండా వెళ్లిన కంటైనర్

యుద్ధం జరిగే చోటికి సాయం త్వరగా చేరకూడదు. చేరితే పంపినవాళ్లకు పేరు రాదు. ముప్పయ్యేళ్లుగా విశాఖ పోర్టు వార్తలు రాస్తూ నేను తెలుసుకున్నది ఇదే.

ఆలోచించండి. సాయం వెంటనే వెళ్లిపోతే సమావేశాలు ఎప్పుడు పెట్టుకోవాలి? సమన్వయం ఎవరు చెయ్యాలి? సమన్వయమంటే ఒకడు చేసే పనిని పదిమంది ఆపడమని కొందరంటారు. వాళ్లకు తెలియదు. పదిమంది చాలరు. మా సమితిలో నలభై ఒక్క మందిమి ఉన్నాం. పత్రికల తరఫున నేనూ ఒకణ్ణి.

సంగతేమిటంటే, మన ఊరి అమ్మాయి దీనా సముద్రం అవతల, యుద్ధం జరుగుతున్న దేశంలో, ఒక ఆస్పత్రిలో నర్సు. అక్కడ సెలైన్ నిండుకుంది. ఆ ఆస్పత్రికి వెళ్లే రోడ్డును మరుసటి నెలాఖరు వరకు తెరిచి ఉంచడానికి రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. ఆ తర్వాత లారీ వెళ్లదు. ఈ మాట తన అన్న యోహాన్‌కు ఫోన్‌లో చెప్పింది. యోహాన్ ద్వారకా నగర్‌లో ఒక క్లియరింగ్ ఏజెంట్ దగ్గర పనిచేస్తాడు. ఓడెక్కే సరుకుకు కాగితాలు సిద్ధం చెయ్యడం అతని ఉద్యోగం.

అతను లోకం తెలియని మనిషి. సెలైన్, కుట్లు వేసే దారం, కాలిన గాయాల మందు పోగుచేసి పంపేద్దామనుకున్నాడు. అలా చేసి ఉంటే పని ఎప్పుడో అయిపోయేది. ఎంత నష్టం!

అదృష్టం కొద్దీ విషయం రిటైర్డ్ అధికారి గురునాథరావు గారికి తెలిసింది. ఆ సాయంత్రమే సహాయ సమన్వయ సమితి పుట్టింది, ఆయన అధ్యక్షులయ్యారు. సెలైన్ మూడు రోజుల్లో సమకూరింది. మిగతా రెండు వారాలూ సమన్వయమే.

దానివల్ల ఏం ఒరిగిందంటారా? ఒక కోచింగ్ సెంటర్ ఇంజనీరింగ్ ఎంట్రన్స్ గైడ్లు ఆరువందలు ఇచ్చింది. యుద్ధం ఆగాక అక్కడి పిల్లలు ర్యాంకుల్లో వెనకబడకూడదు కదా? మధురవాడ సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు కంటైనర్ ఎక్కడుందో చూపించే యాప్ తయారుచేశారు. అది ఏ తప్పూ లేకుండా పనిచేసింది. రెండు వారాలూ చుక్కను ఒకే చోట చూపించింది.

బయల్దేరేటప్పుడు ప్రార్థన ముందా, కొబ్బరికాయ ముందా అని రెండు సమావేశాలు జరిపాం. రెండూ ఒకేసారి కానివ్వాలని తీర్మానించాం. పాస్టర్ గారికి, పూజారి గారికి మొదట్నుంచీ ఏ అభ్యంతరమూ లేదు. వాళ్లను చివర్లో అడిగాం.

నాలుగో తేదీన కంటైనర్ నింపారు. కస్టమ్స్ వాళ్లు చూసి తలుపుకు సీల్ వేశారు. సాయంత్రం ఆరులోగా లారీ పోర్టు గేటు దాటాలి. మర్నాడు ఓడ. జెండా ఊపాల్సిన ముఖ్య అతిథి పదకొండుకు రావాలి. మూడున్నరకు వచ్చారు.

అప్పటికి లారీ డ్రైవర్ అప్పలసూరికి విసుగొచ్చింది. “ఏటి బావా, బండి కదిలేదుందా నేదా?” అన్నాడు యోహాన్‌తో. “ఆ దండేదో నా మెళ్లో ఏసీండి. జెండా నానే ఊపుకుంటాను.”

ముఖ్య అతిథి జెండా చూశారు, కంటైనర్ చూశారు. తలుపు మూసి ఉంది. మూసిన తలుపు ముందు ఫొటో ఏం బాగుంటుంది? ఒక పెట్టె తన చేత్తో లోపల పెడతానన్నారు.

“సీల్ పడిపోనాదండి,” అన్నాడు యోహాన్. “ఇప్పుడు ఇప్పితే మళ్లీ మొదట్నించీ సూడాలి. రేపటి ఓడ తప్పిపోద్ది.”

“ఒక్క అట్టపెట్టెకి ఇంత రాద్ధాంతమేటయ్యా?” అన్నారు గురునాథరావు గారు. “సీల్ అంటే ఏటి, తాళమే కదా.”

“తాళానికి తాళంచెవి ఉంటాదండి. దీనికి నేదు.”

“అయితే కోసీ.”

కోశారు. అతిథి పెట్టె పెట్టారు. అందులో గైడ్లున్నాయి. జెండా ఊపారు. లారీ గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. ‘బయల్దేరిన సాయం’ అని మర్నాడు మా పత్రికలో మొదటి పేజీలో వచ్చింది. రాసింది నేనే. అందులో అబద్ధం లేదు, బయల్దేరింది. వెనక్కి వచ్చినప్పుడు ఫొటో తీయలేదు.

యోహాన్ చెల్లెలికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను.

“అన్నా, కారణాలు నాకు సెప్పొద్దు,” అంది దీనా. “ఉన్న సీసాలు సిన్నపిల్లలకే ఏత్తన్నాం. పెద్దోళ్లకి నీళ్లు తాగిత్తన్నాం. నెలాఖరు దాటితే నువ్వు ఓడ నిండా పంపినా నాకందదు.”

సమితి అత్యవసరంగా సమావేశమైంది. రెండోసారి జెండా ఊపడానికి ఉపసంఘం వేసింది. ముఖ్య అతిథికి ఇరవై రెండో తేదీ ఖాళీ ఉందని తేల్చింది.

ఇక్కడే యోహాన్ తప్పు చేశాడు. పన్నెండున ఇంకో ఓడ ఉందని సమితికి చెప్పలేదు. గైడ్లు దింపేశాడు. మళ్లీ తనిఖీ చేయించి, సీల్ వేయించి, అప్పలసూరి లారీలో కంటైనర్‌ను గేటు దాటించేశాడు. యోహాన్ మనసులో ప్రార్థన చేసుకున్నాడట. అప్పలసూరి సింహాచలం వైపు తిరిగి దణ్ణం పెట్టాడట. రెంటికీ కలిపి అర నిమిషం పట్టింది.

ఇదెంత ప్రమాదకరమైన ధోరణో చూడండి! పని తెలిసినవాడు పని చేసుకుపోతే తక్కిన నలభై మంది ఏమైపోవాలి? యాప్‌లో చుక్క సముద్రంలోకి వెళ్లడం చూసి, యాప్ పాడైందని సభ్యులు ఫిర్యాదు చేశారు.

ఇరవై ఆరున సరుకు ఆస్పత్రికి చేరిందని దీనా కబురు పంపింది. గురునాథరావు గారు ఊరుకోలేదు. పెట్టెలు వరసగా పేర్చి, ముందు సమితి బ్యానర్ కట్టి ఫొటో పంపమన్నారు. ఆమె వాయిస్ మెసేజ్ పెట్టింది.

“పెట్టెలు నేవండి. వచ్చిన రోజే ఇప్పేశాం. సీసాలు మనుషులకి ఎక్కుతన్నాయి. ఫొటో తియ్యడానికి ఎవరి సేతులూ ఖాళీ నేవు.”

సమితి నిన్న మినిట్స్‌లో రాసుకుంది: ‘సరుకు చేరినట్టు ఆధారం లేదు.’ యోహాన్‌కు నోటీసు ఇవ్వాలని కూడా తీర్మానించింది. కింద సంతకాలు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. చేరిన వార్త రాసి ఇస్తే మా డెస్క్ కూడా ఫొటో అడిగింది. లేదన్నాను. వేసుకోలేదు.

ఈ కాలమ్‌కు ఫొటో అక్కర్లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. కంటైనర్ చేరింది.